న్యూక్లియర్ స్కాన్: ఒంట్లోంచి వెలువడే బొమ్మ

ఎక్స్‌రే గదిలో కిరణాలు యంత్రం నుంచి బయల్దేరి, రోగి ఒంట్లోంచి దూసుకెళ్లి, అవతలి పలక మీద పడతాయి. సీటీ స్కాన్‌లోనూ జరిగేది ఇదే, కాకపోతే కిరణాల గొట్టం మనిషి చుట్టూ తిరుగుతుంది. న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలోని గామా కెమెరా మాత్రం ఏ కిరణాన్నీ పంపదు. అక్కడ కిరణాలు వచ్చేది రోగి ఒంట్లోంచే. అంతకుముందు చేతి నరంలోకి ఎక్కించిన రేడియోధార్మిక మందు రక్తంతో పాటు తిరిగి, తనకు పని ఉన్న అవయవంలో చేరి, అక్కడి నుంచి గామా కిరణాలు వెదజల్లుతూ ఉంటుంది. ఏ చోటు నుంచి ఎన్ని వచ్చాయో లెక్కగట్టి బొమ్మగా పేర్చడమే కెమెరా పని.

అందుకే ఈ బొమ్మ మిగతా స్కాన్‌ల బొమ్మల్లా ఉండదు. సీటీలో అవయవం ఎలా ఉందో కనిపిస్తుంది. న్యూక్లియర్ స్కాన్‌లో అది ఏం చేస్తోందో కనిపిస్తుంది. ప్రాణం పోయిన మనిషికి సీటీ తీసినా మూత్రపిండాలు రెండూ చక్కగా అగుపిస్తాయి. రీనల్ స్కాన్‌లో ఏమీ అగుపించదు. రక్తం నడవడం లేదు, వడపోత జరగడం లేదు, మందు అక్కడికి చేరే దారే లేదు. వైద్యులు మొదటి రకాన్ని నిర్మాణ చిత్రణ అనీ, రెండో రకాన్ని క్రియా చిత్రణ అనీ విడదీసి చెబుతారు.

ఈ తేడా రోగికి ఎక్కడ అక్కరకొస్తుందో ఎముకల స్కాన్ చూస్తే తెలుస్తుంది. ప్రొస్టేట్ క్యాన్సరో రొమ్ము క్యాన్సరో వెన్నెముకకు పాకిందనుకుందాం. ఆ పూసలోని ఖనిజం 30 నుంచి 50 శాతం దాకా కరిగిపోతే గానీ మామూలు ఎక్స్‌రేలో మచ్చ కనిపించదు. ఎముక మాత్రం అంతకు ఎంతో ముందే ఆ దాడికి స్పందించి కొత్త ఎముక కట్టే పని మొదలుపెడుతుంది. ఎండీపీ అనే ఫాస్ఫేటు జాతి పదార్థానికి రేడియోధార్మిక పరమాణువును తగిలించి ఎక్కిస్తే, అది కొత్త ఎముక పడుతున్న చోటల్లా ఎక్కువగా పేరుకుంటుంది. రెండు మూడు గంటలు ఆగి స్కాన్ చేస్తే ఆ పూస నల్లగా తేలుతుంది. బొమ్మ అలుక్కుపోయినట్టు ఉంటుంది, అంచులు తేటగా కనపడవు. చూడ్డానికి సీటీ ముందు దిగదుడుపే. కానీ కబురు ముందు అందేది దీని నుంచే.

వెంబడించే పరమాణువు

దీనంతటికీ మూలం ట్రేసర్ అన్న ఆలోచన. అది ఒక వైఫల్యంలోంచి పుట్టింది. హంగేరీలో పుట్టిన జార్జ్ డి హెవెసీ 1911లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో భౌతిక శాస్త్రవేత్త రూథర్‌ఫర్డ్ దగ్గర పనికి చేరాడు. సీసంలో కలిసిపోయిన రేడియం-డి అనే రేడియోధార్మిక పదార్థాన్ని వేరు చేసిపెట్టమని రూథర్‌ఫర్డ్ పురమాయించాడు. ఎన్ని తిప్పలు పడ్డా సాధ్యం కాలేదు. కాదు మరి, రేడియం-డి కూడా సీసమే. ఒకే మూలకానికి చెందిన పరమాణువుల్లో బరువు తేడా ఉంటే వాటిని ఐసోటోపులు అంటారు. రసాయనికంగా వాటి నడవడిక ఒకటే. రెండూ విడిపోకపోతే మంచిదే, చిటికెడు రేడియోధార్మిక సీసాన్ని మామూలు సీసంలో కలిపేస్తే అది ఎటు పోతే అటు వెంబడించవచ్చు కదా అనుకున్నాడు హెవెసీ. 1913లో వియన్నాలో ఫ్రిట్జ్ పనెత్‌తో కలిసి ఈ పద్ధతిని వాడి చూపించాడు. 1923లో చిక్కుడు జాతి మొక్కల్లో సీసం వేళ్ల నుంచి పైకి ఎలా ఎక్కుతుందో కొలిచాడు. 1943 సంవత్సరానికి రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి ఈ కృషికే దక్కింది.

ఆయన గురించి అందరూ చెప్పుకునే ముచ్చట ఒకటుంది. మాంచెస్టర్‌లో తాను అద్దెకున్న ఇంటావిడ ఆదివారం మిగిలిన మాంసాన్నే వారమంతా మార్చి మార్చి వడ్డిస్తోందని హెవెసీకి అనుమానం. ఆవిడ ఒప్పుకోలేదు. ఒక ఆదివారం తన పళ్లెంలో మిగిల్చిన ముక్కల మీద కాస్త రేడియోధార్మిక పదార్థం చల్లి, కొన్నాళ్లకు బల్ల మీదికి వచ్చిన వంటకం పక్కన రేడియోధార్మికతను పసిగట్టే ఎలక్ట్రోస్కోపు పెట్టాడట. అనుమానం రుజువైంది. నేటి రేడియేషన్ భద్రతా అధికారి వింటే గుండె పట్టుకునే ప్రయోగం ఇది.

మనిషి మీద మొదటి అడుగు బోస్టన్‌లో పడింది. 1920ల నడుమ హెర్మన్ బ్లూమ్‌గార్ట్ రేడియం నుంచి వచ్చే బిస్మత్ ఐసోటోపును ఒక చేతి నరంలోకి ఎక్కించి, అది రెండో చేతికి చేరడానికి ఎంతసేపు పడుతుందో కొలిచాడు. గుండె జబ్బున్నవారిలో ఆ ప్రయాణం నెమ్మదిస్తుందని తేలింది. బొమ్మ లేదు, కెమెరా లేదు, ఉన్నది కాలం లెక్క ఒక్కటే. అయినా అది న్యూక్లియర్ మెడిసినే.

థైరాయిడ్ దగ్గరికి వచ్చేసరికి ఈ ఆలోచనకు బలం చేకూరింది. శరీరంలోకి వెళ్లిన అయోడిన్‌ను పట్టి దాచుకునే గ్రంథి అది. 1936 నవంబరులో హార్వర్డ్‌లో ఎంఐటీ అధ్యక్షుడు కార్ల్ కాంప్టన్ ఉపన్యాసం ముగిశాక సాల్ హెర్ట్జ్ అనే యువ వైద్యుడు లేచి, అయోడిన్‌ను కృత్రిమంగా రేడియోధార్మికం చేయగలరా అని అడిగాడు. 1938లో బర్క్‌లీలో లివింగుడ్, సీబోర్గ్ అయోడిన్-131ను తయారుచేశారు. 1941లో హెర్ట్జ్ మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో అతిగా పనిచేస్తున్న థైరాయిడ్‌కు రేడియో అయోడిన్‌తో చికిత్స మొదలుపెట్టాడు. ఎనభై ఏళ్లు దాటినా హైపర్‌థైరాయిడిజానికి ఆ చికిత్స నేటికీ నడుస్తూనే ఉంది. వైద్యంలో ఇంత కాలం నిలిచిన మందులు ఎన్నో లేవు.

గడియారంతో పందెం

రేడియోధార్మిక పరమాణువు నిలకడలేనిది. ఎప్పుడో ఒకప్పుడు విచ్ఛిన్నమై, ఆ క్షణాన కిరణాన్నో కణాన్నో విడుస్తుంది. ఏ పరమాణువు ఎప్పుడు పేలుతుందో ఎవరూ చెప్పలేరు గానీ, గుంపులో సగం ఎంత కాలానికి అయిపోతాయో కచ్చితంగా చెప్పవచ్చు. దాన్నే అర్ధాయువు అంటారు. అయోడిన్-131కి 8 రోజులు. పెట్ స్కాన్‌లో వాడే ఫ్లోరిన్-18కి 110 నిమిషాలు. ఆక్సిజన్-15కి 2 నిమిషాలే, తయారుచేసిన గది పక్క గదిలోనే వాడేయాలి.

ఇది భౌతిక అర్ధాయువు. దీనితో పాటు జైవిక అర్ధాయువు కూడా ఉంటుంది: మందును శరీరం మూత్రంలోనో మలంలోనో సగానికి సగం బయటికి పంపడానికి పట్టే కాలం. రెండూ ఏకకాలంలో నడుస్తాయి కాబట్టి రేడియోధార్మికత ఒంట్లోంచి పోయే వేగం ఈ రెంటి కన్నా ఎక్కువే. స్కాన్ అయ్యాక నీళ్లు బాగా తాగి మాటిమాటికీ మూత్రానికి వెళ్లమని చెప్పేది ఇందుకే.

కొలమానాల గురించి ఒక మాట. సెకనుకు ఒక పరమాణువు విచ్ఛిన్నమైతే అది ఒక బెక్వెరెల్. పాత కొలత క్యూరీ, సెకనుకు 3,700 కోట్ల విచ్ఛిత్తులు. మన ఆస్పత్రుల్లో ఇప్పటికీ ఎక్కువగా వినపడేది మిల్లీక్యూరీయే. ఎముకల స్కాన్‌కు 20 మిల్లీక్యూరీలు ఎక్కించారంటే, ఆ మనిషి ఒంట్లో సెకనుకు 74 కోట్ల పరమాణువులు విచ్ఛిన్నమవుతున్నట్టు. అంకె భయపెడుతుంది. కానీ ఆ టెక్నీషియం మొత్తాన్నీ తూచితే గ్రాములో వంద కోట్లవ వంతులు నాలుగో అయిదో ఉంటుంది. ఈ మందులతో ఎలర్జీలు అరుదుగా కనిపించడానికి పదార్థం ఇంత తక్కువగా ఉండటం ఒక కారణం. సీటీకి ఇచ్చే కాంట్రాస్ట్ మందు పదుల మిల్లీలీటర్లలో ఉంటుంది. ఈ రెండూ ఒకటే అనుకుని రోగులు కంగారుపడుతుంటారు.

టెక్నీషియం కథ వేరే చెప్పుకోదగ్గది. ఆవర్తన పట్టికలో 43వ గడి ఎన్నో ఏళ్లు ఖాళీగా ఉండేది. బర్క్‌లీలో కణాలను వేగంగా పరుగెత్తించే సైక్లోట్రాన్ అనే యంత్రంలో వాడి పక్కనపెట్టిన మాలిబ్డినం రేకును, ఆ యంత్రాన్ని కనిపెట్టిన లారెన్స్ ఇటలీకి పంపితే, 1937లో పాలెర్మోలో ఎమిలియో సెగ్రే, కార్లో పెరియే అందులోంచి ఆ మూలకాన్ని బయటపెట్టారు. మనిషి కృత్రిమంగా తయారుచేసిన మొదటి మూలకం అదే. మరుసటి ఏడాది సెగ్రే, సీబోర్గ్ దానిలో టెక్నీషియం-99ఎం అనే రూపాన్ని గుర్తించారు. నేడు ప్రపంచంలో జరిగే న్యూక్లియర్ మెడిసిన్ పరీక్షల్లో దాదాపు 80 శాతం దీనితోనే జరుగుతున్నాయి. కారణాలు చూస్తే ఇది వైద్యం కోసమే పుట్టిందా అనిపిస్తుంది. అర్ధాయువు 6 గంటలు, అంటే స్కాన్‌కు చాలినంత, మర్నాటికి దాదాపు మాయమయ్యేంత. 140 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణం, అంటే ఒంట్లోంచి బయటికి రాగల శక్తి ఉంది, కెమెరా పట్టుకోలేనంత లేదు. ఎండీపీతో కలిస్తే ఎముకకు పోతుంది, డీటీపీఏతో కలిస్తే కిడ్నీకి, సెస్టమిబీతో కలిస్తే గుండె కండరానికి.

ఆరు గంటల్లో సగమైపోయే సరుకును దూరపు ఊళ్లకు చేర్చడం ఎలా? ఇక్కడే అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాల ఒక ఉపాయం కనిపెట్టింది. 1950ల చివర వాల్టర్ టక్కర్, మార్గరెట్ గ్రీన్ అక్కడ జెనరేటర్‌ను తయారుచేశారు. పవెల్ రిచర్డ్స్ దాని వైద్య ప్రయోజనాన్ని పట్టుబట్టి ప్రచారం చేశాడు. సీసం కవచంలో ఒక చిన్న గొట్టం ఉంటుంది. అందులో అల్యూమినా పొడికి మాలిబ్డినం-99 అతుక్కుని ఉంటుంది. దాని అర్ధాయువు 66 గంటలు. అది నెమ్మదిగా టెక్నీషియం-99ఎంగా మారుతూ ఉంటుంది. పైనుంచి సెలైన్ పోస్తే మాలిబ్డినం కదలదు, టెక్నీషియం మాత్రం కరిగి కిందికి దిగుతుంది. మర్నాటికి మళ్లీ ఊరుతుంది. రోజూ పొద్దున్నే జరిగే ఈ తంతును విభాగాల్లో పాలు పితకడం అంటారు, జెనరేటర్‌ను ఆవు అంటారు. ఆవు లాగే ఇదీ నాలుగు రోజులు పోయేసరికి వట్టిపోతుంది, కొత్తది రావాల్సిందే.

ఆ కొత్తది రాని రోజులూ ఉన్నాయి. మాలిబ్డినం-99 ప్రధానంగా అణు రియాక్టర్లలో తయారవుతుంది. ప్రపంచానికి సరఫరా చేసే రియాక్టర్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. కెనడాలోని చాక్ రివర్ రియాక్టర్ 2009 మేలో భారజలం కారి ఆగిపోయింది. ప్రపంచ అవసరంలో సుమారు మూడో వంతు అక్కడి నుంచే వచ్చేది. అది మళ్లీ నడవకముందే, 2010 ఆరంభంలో నెదర్లాండ్స్‌లోని పెట్టెన్ రియాక్టర్‌ను మరమ్మతుకు ఆపారు. చాలా దేశాల్లో స్కాన్‌లు వాయిదాపడ్డాయి. కొన్నిచోట్ల గుండె స్కాన్‌లకు మళ్లీ పాత థాలియం-201 బయటికి తీశారు. నిల్వ చేయలేని మందు మీద ఆధారపడటమంటే ఏమిటో ఆ ఏడాది అందరికీ అనుభవమైంది. చాక్ రివర్ రియాక్టర్ 2018లో శాశ్వతంగా మూతబడింది.

కెమెరా లోపల

మొదట్లో బొమ్మ గీయడం చుక్క చుక్కగా సాగేది. 1950 ప్రాంతంలో లాస్ ఏంజెలస్‌లో బెనెడిక్ట్ కాసెన్ తయారుచేసిన రెక్టిలీనియర్ స్కానర్ గొంతు మీద వరస వెంబడి వరసగా కదులుతూ, కిరణాలు దొరికిన చోట కాగితం మీద గుర్తు కొట్టేది. కొన్నేళ్లకే, 1957-58లో, బర్క్‌లీలో హాల్ యాంగర్ మొత్తం అవయవాన్ని ఒకేసారి చూసే గామా కెమెరాను చేశాడు. నేటి కెమెరాల్లో చాలావరకు దాని సంతతే.

రోగికి దగ్గరగా ఉండేది కాలిమేటర్, వేల సన్నటి రంధ్రాలున్న సీసపు పలక. తిన్నగా వచ్చే కిరణాలనే అది లోపలికి రానిస్తుంది; ఏటవాలుగా వచ్చినవి సీసంలో ఇంకిపోతాయి. దాని వెనుక సోడియం అయోడైడ్ స్ఫటికం. గామా కిరణం తగిలిన చోట అందులో మెరుపు పుడుతుంది. ఆ మెరుపును ఫోటో మల్టిప్లయర్ గొట్టాలు విద్యుత్ సంకేతంగా మారుస్తాయి, ఏ గొట్టానికి ఎంత వెలుగు అందిందో పోల్చి మెరుపు చోటును కంప్యూటర్ తేలుస్తుంది. కాలిమేటర్ వల్ల నూటికి తొంభైతొమ్మిది పాళ్లకు మించి కిరణాలు వృథా అవుతాయి. ఎముకల స్కాన్‌లో రోగి ఇరవై నిమిషాలో అరగంటో కదలకుండా పడుకోవలసి రావడం ఈ వృథా వల్లే.

కెమెరాను రోగి చుట్టూ తిప్పి, అన్ని కోణాల బొమ్మలనూ కలిపి అడ్డుకోతలుగా పునర్నిర్మిస్తే అది స్పెక్ట్. డేవిడ్ కూల్ 1960ల ఆరంభంలోనే ఆ దారి వేశాడు, సీటీ స్కానర్ రాకకు ఎంతో ముందు.

ఏ ప్రశ్నకు ఏ స్కాన్

గుండె స్కాన్‌ను మయోకార్డియల్ పెర్‌ఫ్యూజన్ స్కాన్ అంటారు. ట్రెడ్‌మిల్ మీద నడిపించో, మందుతో గుండె రక్తనాళాలను వెడల్పు చేసో ఒకసారి, విశ్రాంతిలో ఒకసారి బొమ్మ తీస్తారు. శ్రమలో ఖాళీ కనిపించి విశ్రాంతిలో నిండితే అక్కడి కండరం బతికే ఉంది, రక్తం చాలడం లేదు. రెండింట్లోనూ ఖాళీగా ఉంటే అది చాలావరకు పాత గుండెపోటు మిగిల్చిన మచ్చ. యాంజియోగ్రామ్‌లో నాళం 60 శాతం పూడుకుపోయిందని తెలుస్తుంది. ఆ పూడిక వల్ల కండరానికి నష్టం జరుగుతోందా అన్నది ఈ స్కాన్ చెప్పాలి. స్టెంట్ వేయించుకోవాలా వద్దా అన్న ఊగిసలాటలో ఉన్న రోగికి రెండో ప్రశ్నే ముఖ్యం, అయినా మన దగ్గర ఎక్కువ మందికి చేరేది మొదటి జవాబే. ఈ పరీక్షకు ముందురోజు నుంచి కాఫీ, టీ మానమంటారు. నాళాలను వెడల్పు చేసే మందు పనికి కెఫీన్ అడ్డుపడుతుంది.

కిడ్నీ స్కాన్‌లో రెండు కిడ్నీల పనినీ విడివిడిగా శాతాల్లో చెప్పవచ్చు. రక్తంలో క్రియాటినిన్ మామూలుగా ఉన్నా ఒక కిడ్నీ మూలపడి ఉండవచ్చు, ఎందుకంటే రెండోది ఆ లోటు పూడుస్తుంది. దారిలో అడ్డు ఉందా అన్నది తేల్చడానికి మధ్యలో మూత్రాన్ని పెంచే లాసిక్స్ ఇంజెక్షన్ ఇస్తారు. మాటిమాటికీ మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చే పిల్లలకు డీఎంఎస్‌ఏ స్కాన్ చేసి కిడ్నీ మీద మచ్చలున్నాయేమో చూస్తారు. పుట్టిన కొన్ని వారాలైనా పసుపు తగ్గని బిడ్డలో కాలేయం నుంచి పేగులోకి పైత్యరసం దిగుతోందా అన్నది హైడా స్కాన్ చూపిస్తుంది. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిందన్న అనుమానం ఉంటే గాలి ఎక్కడికి వెళ్తోంది, రక్తం ఎక్కడికి వెళ్తోంది అని రెండు బొమ్మలు తీసి పోలుస్తారు.

థైరాయిడ్ స్కాన్‌లో వినిపించే మాటలు హాట్ నాడ్యూల్, కోల్డ్ నాడ్యూల్. గడ్డ మందును చుట్టుపక్కల గ్రంథి కన్నా ఎక్కువ పీల్చుకుంటే హాట్, పీల్చుకోకపోతే కోల్డ్. హాట్ గడ్డ క్యాన్సర్ కావడం చాలా అరుదు. కోల్డ్ అన్నంత మాత్రాన క్యాన్సర్ అని కాదు, వాటిలో అత్యధికం హాని లేనివే. సూదితో కణాలు తీసి చూస్తే గానీ తేలదు.

చక్కెర కోసం ఆరాటం

పెట్ స్కాన్‌లో వాడే ఐసోటోపులు గామా కిరణాన్ని నేరుగా విడవవు. పాజిట్రాన్‌ను, అంటే ధనావేశమున్న ఎలక్ట్రాన్‌ను విడుస్తాయి. అది ఒకటి రెండు మిల్లీమీటర్లు పోయేలోపే మామూలు ఎలక్ట్రాన్‌ను ఢీకొంటుంది. రెండూ నశించి, ఒక్కొక్కటి 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణాలు రెండు, ఒకదానికొకటి ఎదురు దిక్కుల్లో పుడతాయి. రోగి చుట్టూ వలయంలా ఉన్న డిటెక్టర్లలో రెండు ఒకే క్షణంలో మోగాయంటే, ఆ రెంటినీ కలిపే గీత మీద ఎక్కడో ఆ సంఘటన జరిగినట్టు. సీసపు కాలిమేటర్ అక్కర్లేదు, కిరణాలు అంతగా వృథా కావు, బొమ్మ తేటగా వస్తుంది. 1970ల నడుమ సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మైకెల్ ఫెల్ప్స్, ఎడ్వర్డ్ హాఫ్‌మన్, మిషెల్ టెర్-పొగోసియన్ ఈ యంత్రాన్ని మనుషులకు పనికొచ్చే స్థితికి తెచ్చారు.

అయితే పెట్‌ను ఆస్పత్రి వాకిట నిలబెట్టింది యంత్రం కన్నా ఎఫ్‌డీజీ అనే మందే. క్యాన్సర్ కణాలు గ్లూకోజును విపరీతంగా వాడుకుంటాయని జర్మన్ శాస్త్రవేత్త ఓటో వార్బుర్గ్ 1920ల్లోనే గమనించాడు. ఎఫ్‌డీజీ గ్లూకోజులో చిన్న మార్పు చేసి ఫ్లోరిన్-18 తగిలించిన పదార్థం. కణం దాన్ని గ్లూకోజు అనుకునే లోపలికి తీసుకుంటుంది, మొదటి రసాయన చర్య కూడా జరుపుతుంది. రెండో మెట్టు దగ్గర మార్పు అడ్డుపడుతుంది. ముందుకు పోలేదు, బయటికీ రాలేదు. ఆకలి ఎక్కువున్న కణంలో ఎక్కువ పోగుపడుతుంది. బ్రూక్‌హేవెన్‌లో తయారైన ఈ మందును 1976 ఆగస్టులో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో అబాస్ అలావీ మొదటిసారి మనుషులకు ఇచ్చాడు. అప్పటి లక్ష్యం మెదడు. క్యాన్సర్ తర్వాత వచ్చింది.

1998లో పిట్స్‌బర్గ్‌లో డేవిడ్ టౌన్సెండ్, రోనాల్డ్ నట్ కృషితో పెట్, సీటీ ఒకే యంత్రంలో ఇమిడాయి. అప్పటిదాకా మచ్చ కనిపించేది, అది ఏ అవయవంలో ఉందో ఊహించుకోవాల్సి వచ్చేది.

స్కాన్‌కు ముందు ఆరు గంటలు ఏమీ తినకూడదు. రక్తంలో గ్లూకోజు ఎక్కువుంటే అది ఎఫ్‌డీజీతో పోటీపడుతుంది, కాబట్టి షుగర్ 200 దాటితే చాలా కేంద్రాలు స్కాన్ వాయిదా వేస్తాయి. ఇంజెక్షన్ ఇచ్చాక గంటసేపు మసక గదిలో, వెచ్చగా, మాట్లాడకుండా పడుకోబెడతారు. కబుర్లు చెబితే స్వరపేటిక కండరాలు వెలుగుతాయి, బబుల్‌గమ్ నమిలితే దవడ కండరాలు వెలుగుతాయి. చలి వేస్తే మెడ దగ్గరి గోధుమరంగు కొవ్వు వెలిగి రిపోర్టు రాసేవారిని తికమకపెడుతుంది. మెదడు, మూత్రాశయం ఎవరికైనా వెలుగుతాయి. అది జబ్బు కాదు.

పెట్ విలువ బాగా తెలిసేది లింఫోమా అనే క్యాన్సర్‌లో. కీమోథెరపీ పూర్తయ్యాక ఛాతీలో గడ్డ ఇంకా ఉందని సీటీ చెబుతుంది. అది బతికున్న క్యాన్సరా, చచ్చిన కణాలు మిగిల్చిన మచ్చా? సీటీకి తెలియదు. ఆ గడ్డ ఎఫ్‌డీజీని పీల్చకపోతే రోగి ఊపిరి పీల్చుకోవచ్చు. ఈ తీర్పును 1 నుంచి 5 దాకా అంకెల్లో చెప్పే డోవిల్ స్కోరును 2009లో ఫ్రాన్స్‌లోని డోవిల్ పట్టణంలో నిపుణులు కూర్చుని కుదుర్చుకున్నారు. గడ్డ వెలుగును రోగి సొంత కాలేయం వెలుగుతో పోల్చడమే అందులోని కిటుకు.

రిపోర్టులోని మాటలు

రోగుల చేతికి వచ్చే కాగితంలో ఎక్కువ కంగారు పెట్టే మాట ఎస్‌యూవీ. ఎక్కించిన మందు ఒళ్లంతా సమంగా పరుచుకుంటే ఎక్కడ కొలిచినా ఆ విలువ 1 దగ్గర ఉండాలి. ఒకచోట 8 వచ్చిందంటే సగటుకు ఎనిమిది రెట్లు అక్కడ పోగుపడిందని అర్థం. అంతకు మించి అర్థం లేదు. 2.5 దాటితే క్యాన్సర్ అన్న పాత గీటురాయిని నిపుణులు ఇప్పుడు నమ్మరు. రోగి బరువు, షుగర్, ఇంజెక్షన్‌కీ స్కాన్‌కీ మధ్య గడిచిన సమయం, యంత్రం, అన్నీ ఆ అంకెను అటూ ఇటూ చేస్తాయి. రెండు వేర్వేరు కేంద్రాల్లో తీసిన స్కాన్‌ల అంకెలను పక్కపక్కన పెట్టి జబ్బు పెరిగిందనో తగ్గిందనో ఇంట్లోవాళ్లు తేల్చేసుకోవడం మంచిది కాదు.

హాట్ స్పాట్ అంటే మందు ఎక్కువ చేరిన చోటు, అంతే. ఎముకల స్కాన్‌లో అరిగిన మోకాలు, కిందటి నెల విరిగిన పక్కటెముక కూడా నల్లగానే కనిపిస్తాయి. పెట్‌లో క్షయ గడ్డలు క్యాన్సర్ లాగే వెలుగుతాయి, ఎందుకంటే ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే కణాలకూ గ్లూకోజు కావాలి. క్షయ ఇంత ఎక్కువున్న మన దేశంలో, పాశ్చాత్య పాఠ్యపుస్తకంలోని కొలతలతో ఊపిరితిత్తి మచ్చను చదివితే పొరపాటు ఖాయం. జబ్బున్నవారిలో ఎంతమందిని పరీక్ష పట్టుకుంటుందో చెప్పేది సెన్సిటివిటీ. లేనివారిని లేదని ఎంత బాగా వదిలేస్తుందో చెప్పేది స్పెసిఫిసిటీ. న్యూక్లియర్ స్కాన్‌లలో చాలావాటికి మొదటిది ఎక్కువ, రెండోది తక్కువ. బయాప్సీ, అంటే ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూడటం, అందుకే ఇంకా చివరి మాటగా నిలిచి ఉంది.

మెటాస్టాసిస్ అంటే క్యాన్సర్ పుట్టిన చోటు నుంచి వేరే అవయవానికి పాకడం. స్టేజింగ్ అంటే అది ఎంత దూరం పాకిందో నిర్ధారించడం. బినైన్ అంటే ప్రాణాంతకం కాని గడ్డ, మాలిగ్నెంట్ అంటే క్యాన్సర్ గడ్డ.

రేడియేషన్ భయం

శరీరానికి తగిలే రేడియేషన్ ప్రభావాన్ని మిల్లీసీవర్ట్‌లలో కొలుస్తారు. నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి, తిండి నుంచి ప్రపంచంలో సగటు మనిషికి ఏటా తగిలేది 2.4. శ్రీకాకుళం జిల్లా భావనపాడు వంటి తీరాల్లోని మోనజైట్ ఇసుకలో థోరియం ఉంటుంది, అలాంటి చోట్ల నేల నుంచి వచ్చేది కొంత ఎక్కువ. ఎముకల స్కాన్‌తో తగిలేది 4 లేదా 5 మిల్లీసీవర్ట్‌లు. పెట్-సీటీలో ఎఫ్‌డీజీ వాటా 7 దాకా ఉంటుంది, సీటీ వాటా దానికి అదనం. ఛాతీ ఎక్స్‌రేకు 0.1 కూడా ఉండదు. అంటే ఇవి ఊరికే చేయించుకునే పరీక్షలు కావు. అలాగని అవసరమైనప్పుడు భయపడి మానేసేవీ కావు. ఏ రోగ లక్షణమూ లేని మనిషి హెల్త్ చెకప్ పేరుతో పెట్ స్కాన్ చేయించుకోవడానికి మాత్రం సమర్థన కష్టం.

గర్భిణులకు వీలైనంత వరకు చేయరు. పాలిచ్చే తల్లులకు మందును బట్టి జాగ్రత్తలు మారతాయి. అయోడిన్-131 ఇస్తే ఆ బిడ్డకు ఇక పాలివ్వడం మానేయాలి. టెక్నీషియం స్కాన్ చేయించుకున్నవారు ఆ రోజుకు పసిపిల్లలను ఒళ్లో పెట్టుకోకుండా ఉంటే చాలు. కొందరు రోగులు స్కాన్ తర్వాత విమానాశ్రయాల్లో రేడియేషన్ అలారం మోగించిన సందర్భాలున్నాయి, అందుకే ప్రయాణం ఉన్నవారు ఆస్పత్రి నుంచి ఉత్తరం దగ్గర పెట్టుకోవడం మేలు.

మన దేశంలో

1956లో ట్రాంబేలో అప్సర రియాక్టర్ నడవడంతో భారత్‌లో ఐసోటోపులకు దారి పడింది. 1963లో ముంబయి పరేల్‌లో రేడియేషన్ మెడిసిన్ సెంటర్ మొదలైంది. దేశంలో తొలి పెట్ స్కానర్ 2002లో అక్కడికే వచ్చింది. ఐసోటోపులను ఆస్పత్రులకు అందించే ప్రభుత్వ సంస్థ బ్రిట్. అనుమతులు, భద్రత చూసేది అణుశక్తి నియంత్రణ మండలి. ట్రాంబే మాలిబ్డినంలో రేడియోధార్మికత పలచగా ఉండేది, అల్యూమినా గొట్టానికి చాలేది కాదు. అందువల్ల మన టెక్నాలజిస్టులు ఎంతో కాలం ఎంఈకే అనే ద్రావకంతో కలిపి, వేరుచేసి టెక్నీషియం తీశారు. పాత తరంవారికి ఆ వాసన ఇంకా గుర్తే. కోల్‌కతాలో 2018లో మొదలైన సైక్లోన్-30 దేశంలోని పెద్ద మెడికల్ సైక్లోట్రాన్.

హైదరాబాద్ నిమ్స్‌లో, తిరుపతి స్విమ్స్‌లో న్యూక్లియర్ మెడిసిన్ విభాగాలున్నాయి. ఎఫ్‌డీజీ అర్ధాయువు 110 నిమిషాలే కనుక, దానికి కావలసిన ఫ్లోరిన్-18ను తయారుచేసే సైక్లోట్రాన్ ఉన్న నగరానికి నాలుగైదు గంటల ప్రయాణం దాటిన ఊళ్లో పెట్ కేంద్రం నడపడం ఖరీదు వ్యవహారం. తయారుచేసిన దానిలో ముప్పావు భాగం దారిలోనే ఆవిరి. పెట్ యంత్రాలు మహానగరాల చుట్టూనే గుమిగూడటానికి ఇది ఒక ముఖ్య కారణం.

ఇటీవల చిత్రణకూ చికిత్సకూ మధ్య గోడ పలచబడుతోంది. ప్రొస్టేట్ క్యాన్సర్ కణాల పైన పీఎస్‌ఎంఏ అనే ప్రొటీను ఎక్కువగా ఉంటుంది. దానికి అంటుకునే అణువుకు గాలియం-68 తగిలిస్తే పెట్ బొమ్మ వస్తుంది. అదే రకం అణువుకు లుటీషియం-177 తగిలిస్తే, అది విడిచే బీటా కణాలు ఆ క్యాన్సర్ కణాలనే దగ్గర నుంచి దెబ్బతీస్తాయి. లుటీషియంను మన ట్రాంబేలోనూ తయారుచేస్తున్నారు. అమెరికా 2022 మార్చిలో ఈ చికిత్సకు అనుమతి ఇచ్చింది: ఆరేసి వారాలకు ఒకటి చొప్పున గరిష్ఠంగా ఆరు మోతాదులు. ముందు పెట్‌లో గడ్డలు వెలిగితేనే మందు ఇస్తారు. వెలగకపోతే ఇచ్చి లాభం లేదు. లుటీషియం బీటాతో పాటు కొద్దిగా గామా కిరణాలూ విడుస్తుంది. కాబట్టి మర్నాడు రోగిని పాత యాంగర్ కెమెరా కిందే పడుకోబెట్టి, మందు గడ్డలకు ఎంత చేరిందో, కిడ్నీలకూ లాలాజల గ్రంథులకూ ఎంత చేరిందో చూసి తర్వాతి మోతాదు సంగతి ఆలోచిస్తారు.